స్పైరోమీటర్‌కు అందని ఉపశమనం

మర్దనతో ఊపిరితిత్తులు బాగుపడతాయా? పడవు. ఈ సంగతి ముందే తేల్చేస్తే మిగతాది తాపీగా మాట్లాడుకోవచ్చు. గాలిదారులు ఇరుకై ఏళ్ల తరబడి ఆయాసపెట్టే సీవోపీడీ అనే జబ్బులో చెడిపోయిన గాలిగదులు ఏ తైలం రాసినా తిరిగి రావు. ‘ఊపిరితిత్తుల్లోని విషాలను తీసేసే మసాజ్’ అంటూ అమ్మేవారు చెప్పేది పచ్చి అబద్ధం. అయినా దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధుల చికిత్సలో మర్దనకు చోటుండాలనే అంటాను. అయితే ఆ చోటు స్పాలో కాదు, ఇలాంటి రోగులకు వ్యాయామాలు నేర్పే శ్వాసకోశ పునరావాస కేంద్రంలో.

అందుకు కారణం రోగి మెడ చూస్తేనే తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి కుదురుగా కూర్చున్నప్పుడు ఊపిరి పీల్చే పని చాలావరకు ఛాతీకీ పొట్టకూ మధ్య గొడుగులా ఉండే కండరం, అంటే డయాఫ్రమే చేసుకుపోతుంది. సీవోపీడీలో పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. లోపలే చిక్కుకుని ఛాతీ ఉబ్బుతుంది, దాని ఒత్తిడికి డయాఫ్రం చదునై పట్టు కోల్పోతుంది. ఆ బరువంతా మెడ, భుజాలు, పక్కటెముకల మధ్య ఉండే కండరాల మీద పడుతుంది. చెవి వెనుక మొదలై రొమ్ము ఎముక దాకా దిగే కండరం ప్రతి ఊపిరికీ బిగుసుకుని పైకి తేలుతుంది. నిమిషానికి 20 సార్లు లెక్కేసుకున్నా రోజుకు 28,800 సార్లు! అప్పుడప్పుడు సాయం పట్టాల్సిన కండరాలతో రాత్రింబవళ్లు వెట్టిచాకిరీ చేయిస్తే నొప్పి పుట్టదా?

నొప్పితో ఆగిపోతే ఫర్వాలేదు. ఊపిరి అందకపోతే భయం, భయం వేస్తే ఊపిరి వేగం. వేగం పెరిగితే గాలి వదిలే వ్యవధి తగ్గి, ఇంకొంత గాలి లోపలే ఉండిపోతుంది. ఆయాసం మళ్లీ పెరుగుతుంది. ‘కంగారు పడకండి’ అని రోగికి చెప్పి పంపేసేవారు గ్రహించాల్సింది ఇదే: ఆ కంగారు మనసుకే పరిమితం కాదు, ఛాతీలో గాలి లెక్కనే మార్చేస్తుంది. బిగిసిన భుజాలను సడలించి, ఊపిరి వేగాన్ని నెమ్మదింపజేసే చెయ్యి ఈ విషవలయాన్ని ఒకచోట తెంచగలదు. నేను మర్దన నుంచి ఆశిస్తున్నది అంతే, అంతకు మించి కాదు.

ఆధారాలు బలహీనమన్నది ఎదుటివారి మాట. నిజమే. జరిగిన పరిశోధనలు చిన్నవి. పైగా మర్దన చేయించుకుంటున్నానో లేదో రోగికి తెలియకుండా పరీక్షించడం కుదరదు. మొదటి సెకనులో ఎంత గాలి ఊదగలరో కొలిచే స్పైరోమీటర్ అంకె దీనితో చెప్పుకోదగ్గంత మారదు కూడా.

మరి శ్వాసకోశ పునరావాస వ్యాయామాల సంగతేమిటి? వాటి వల్లా ఆ అంకె పెద్దగా కదలదు. అయినా 65 పరిశోధనలను, 3,822 మంది రోగుల వివరాలను జల్లెడ పట్టిన 2015 నాటి సమీక్ష (వైద్య పరిశోధనలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థది) ఆయాసం, అలసట తగ్గాయని, నడక మెరుగుపడిందని తేల్చింది. ఊదే అంకె ఒక్కటే కొలబద్ద అయితే పునరావాసాన్ని కూడా చెత్తబుట్టలో వేయాలి. దానికి ఒక కొలత, మర్దనకు ఇంకో కొలతా?

అలాగని ఎవరు పడితే వారు చేసే పని కాదిది. చాలామంది రోగులు వెల్లకిలా పడుకోలేరు, బోర్లా పడుకోబెడితే ప్రాణం మీదికొస్తుంది. కుర్చీలో కూర్చోబెట్టి, ముందున్న బల్ల మీద దిండ్లు పేర్చి, వాటిపై మోచేతులు ఆనించి ముందుకు వాలనివ్వాలి. ఆ భంగిమే సగం హాయినిస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు చెయ్యి కాస్త నొక్కాలి, పీల్చేటప్పుడు తేలిపోవాలి. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడినవారి చర్మం పలచబడి, ఎముకలు గుల్లబారి ఉండవచ్చు. పక్కటెముకలను గట్టిగా నొక్కితే విరగనూవచ్చు. ఘాటైన సువాసన తైలాలు ఆయాసాన్ని రేపుతాయి. ఆక్సిజన్ పెట్టుకున్నవారికి పెట్రోలియం లేపనాలు రాస్తే నిప్పంటుకునే ముప్పుంది. జ్వరం వచ్చినా, దగ్గు ఎక్కువైనా, ఒక కాలు వాచినా ఆ రోజు మర్దన ఊసే వద్దు, డాక్టరును కలవాలి. మాట్లాడుతున్న రోగి రెండు మాటలకోసారి ఆగి ఊపిరి పీల్చుకుంటుంటే చెయ్యి తీసేయాలి. ఇవన్నీ తెలిసినవారు ఫిజియోథెరపిస్టులే కాబట్టే స్పా వద్దంటున్నాను.

అసలు చిక్కు మర్దన గురించి కాదేమో, స్పర్శ గురించేమో. ఛాతీని వేళ్లతో తట్టి లోపలి జబ్బును పసిగట్టవచ్చని వియన్నా వైద్యుడు ఆయెన్‌బ్రుగర్ 1761లో ప్రకటించాడు. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోప్ అలా పుట్టింది. అది మొదలు ప్రతి కొత్త పరికరం వైద్యుడికి మరింత చూపించింది, రోగికి మరింత దూరం చేసింది. స్కాన్లు వద్దనే మూర్ఖుణ్ని కాను. కానీ ఇప్పుడు ఆసుపత్రిలో రోగి వేలిని పట్టుకునేది ఆక్సిమీటర్ క్లిప్పు ఒక్కటే. స్పర్శను విలాసాల పద్దులో రాసేశాం కాబట్టి అది డబ్బున్నవారి సెలవుదినాల సరదాగా మిగిలిపోయింది. 2021లో సీవోపీడీ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 35 లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. చివరి ఏళ్లలో నయం కావడం కన్నా తేలిగ్గా ఊపిరాడటమే వారికి కావలసింది.

పునరావాస శిక్షణలో ఉన్న రోగులను రెండు జట్లు చేయండి. ఒక జట్టుకు మెడ, భుజాల మర్దన కలపండి, రెండో జట్టుకు అంతేసేపు వేరే విశ్రాంతి ఇవ్వండి. ఆయాసం ఎంత, ఆరు నిమిషాల్లో నడిచింది ఎంత, రాత్రి నిద్ర ఎంత, ఇవి కొలవండి. తేడా లేదని తేలితే మర్దన గదికి తాళం వేయమని నేనే రాస్తాను.