వచ్చేది తెలియకుండానే ఇచ్చే మాట

ఈ మధ్య ఏ కాలేజీ ఫంక్షన్‌కి వెళ్లినా, ఏ యూట్యూబ్ ఇంటర్వ్యూ పెట్టినా వ్యాపారం మొదలుపెట్టే మనిషి గురించి ఒకే కథ చెబుతున్నారు. ఒక కుర్రాడికి మంచి ఐడియా వచ్చింది, ఉద్యోగం మానేశాడు, ఇన్వెస్టర్లు కోట్లు పెట్టారు, ఇప్పుడు కంపెనీ విలువ ఇంత. మధ్యలో ఎక్కడో "ఒకడి కింద పనిచేయక్కర్లేదు, మనకి మనమే బాస్" అన్న మాట పడుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది. వ్యాపారం చేసేవాళ్లని దగ్గర్నుంచి చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. ఉద్యోగికి ఒక్క బాసే ఉంటాడు, వ్యాపారికి కస్టమరు, బ్యాంకు మేనేజరు, సరుకు అప్పిచ్చే హోల్‌సేలరు, చెప్పాపెట్టకుండా మానేసే పనివాడు, అందరూ బాసులే. ఐడియా గురించీ ఫండింగ్ గురించీ ఇంత మాట్లాడుకుంటూ అసలు సంగతి పక్కన పెట్టేశాం. తనకి ఎంత వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియకుండానే పదిమందికి "నీకింత ఇస్తాను" అని ముందే మాట ఇచ్చేవాడు వ్యాపారి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. 18వ శతాబ్దం మొదట్లో పారిస్‌లో బ్యాంకు వ్యాపారం చేసిన రిచర్డ్ కాంటిలాన్ అనే ఐర్లండ్ ఆయన దీన్ని చాలా సూటిగా చెప్పాడు. ఆయన పోయాక 1755లో అచ్చయిన పుస్తకంలో మనుషుల్ని రెండు రకాలుగా విడదీశాడు, ఖాయమైన ఆదాయం మీద బతికేవాళ్లు, ఖాయం లేని ఆదాయం మీద బతికేవాళ్లు. రెండో రకానికి ముందుగా చూపించింది ఎవర్నో తెలుసా? భూస్వామికి ఇంత అని కౌలు ఒప్పుకుని, పంట ఎంతొస్తుందో, ధర ఎంత పలుకుతుందో తెలియకుండానే సాగుకి దిగే రైతుని. ఊళ్లో నీళ్లు మోసి అమ్ముకునేవాళ్లని కూడా ఆయన ఇదే వరసలో కూర్చోబెట్టాడు.

ఆ లెక్కన చూస్తే మన దగ్గర అందరికంటే పెద్ద రిస్కు తీసుకుంటున్న వ్యాపారుల్లో గుంటూరు వైపు మిర్చి వేసే కౌలురైతు ముందుంటాడు. పంట చేతికి రాకముందే ఎకరాకి ఇంత అని కౌలు మాట్లాడుకుంటాడు, చాలాచోట్ల ముందే కట్టేస్తాడు కూడా. ఆ తర్వాత దుక్కి, నారు, ఎరువులు, మందుల కొట్టులో ఖాతా. పైగా మిర్చి ఒక్క కోతతో అయిపోయే పంట కాదు, పండినకొద్దీ మళ్లీ మళ్లీ కోయించాలి, కోయించిన ప్రతిసారీ కూలి డబ్బులు చేతిలో ఉండాలి. కల్లంలో ఎండబెట్టి, టిక్కీలకెత్తి, యార్డుకి తోలాక గానీ ఆరోజు ధర ఎంతో తెలియదు. ధర నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవచ్చు, కానీ అక్కడ అద్దె, ఇక్కడ నూటికి రెండు రూపాయల వడ్డీ, రెండూ నడుస్తూనే ఉంటాయి. 2021-22 సీజన్‌లో తామర పురుగు వచ్చి రెండు రాష్ట్రాల్లోనూ మిర్చి తోటల్ని దెబ్బతీసినప్పుడు పూత రాలిపోయింది గానీ అప్పు రాలిపోలేదు.

ఇంత రిస్కు నెత్తినేసుకునే మనిషికి బ్యాంకులో పంట రుణం దొరకడమే కష్టం. కౌలురైతులకి రుణ అర్హత కార్డులివ్వడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక చట్టం తెచ్చారు. 2019లో ఆంధ్రప్రదేశ్ 11 నెలల ఒప్పందంతో ఇంకో చట్టం తెచ్చింది, దానికి భూమి యజమాని సంతకం కావాల్సి వచ్చింది. సంతకం పెడితే పొలం మీద హక్కు ఎక్కడ అడుగుతాడో అని యజమానికి భయం, సంతకం అడిగితే వచ్చే ఏడు పొలమే ఇవ్వడేమో అని రైతుకి భయం. ఆ రెండు భయాల మధ్య కార్డు ఆగిపోతుంది. మన స్టార్టప్ సభల్లో రిస్కు గురించి ఎంత గొప్పగా మాట్లాడినా ఈ మనిషిని ఆ లెక్కలోకి తీసుకోరు, అదే నా బాధ.

రిస్కు తీసుకునేవాళ్లకి రిస్కంటే సరదా అనుకోవడం కూడా పొరపాటే. మంచి వ్యాపారులు లోపల చాలా జాగ్రత్తపరులు. తెలియనిదాన్ని కొంచెం కొంచెంగా తెలిసినదానిగా మార్చుకోవడమే వాళ్లు రోజూ చేసే పని. అడ్వాన్సు తీసుకోవడం, ఒక్క కస్టమరు మీదే ఆధారపడకపోవడం, సరుకు రేటు పెరగకముందే కొని పెట్టుకోవడం ఇవన్నీ అందుకే. కోళ్ల పరిశ్రమలో ఒకప్పుడు గుడ్డు ధర చెప్పేది దళారులు, కోళ్లు పెంచేవాళ్లు కాదు. కోడి రోజూ గుడ్డు పెడుతుంది, ధర బాగాలేదని ఆపమంటే ఆపదు, దాణా ఖర్చు కూడా రాకపోయినా అమ్ముకోవాల్సిందే. వెంకటేశ్వర హ్యాచరీస్ పెట్టిన బి.వి.రావు రైతుల్ని కూడగడితే 1982లో నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ వచ్చింది, ఇవాళ మనం పేపర్లో చూసే 'నెక్' ధర అదే. హ్యాచరీ పెట్టడం ఒక ఎత్తయితే, వేలమంది రైతులకి రేపటి గురించి ఉన్న టెన్షన్ తగ్గించడం ఇంకో ఎత్తు. నా దృష్టిలో రెండోదే పెద్ద పని.

ఇక టీకాల కంపెనీ శాంతా బయోటెక్నిక్స్. కె.ఐ.వరప్రసాద్ రెడ్డి కథ తెలుగువాళ్లకి కొత్త కాదు, కానీ తల్లి పేరు మీద కంపెనీ పెట్టి విదేశీ కంపెనీలకి దీటుగా నిలబడ్డాడు అన్నంతవరకే చెప్పి వదిలేస్తుంటారు. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఆయన చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్, టీకాల గురించి తెలిసినవాడు కాదు. హెపటైటిస్ బి టీకా అప్పట్లో బయటి నుంచే రావాలి, ఒక్క డోసే వందల రూపాయలు, మనిషికి మూడు డోసులు. నలుగురున్న మామూలు కుటుంబం లెక్క వేసుకుని మానుకునే ధర అది. టెక్నాలజీ ఇమ్మని విదేశీ కంపెనీని అడిగితే కుదరలేదు, మనమే చేద్దామని 1993లో కంపెనీ పెట్టాడు. అమ్మకానికి టీకా బయటికొచ్చింది 1997లో. ఆ మధ్యలో గడిచిన ఏళ్ల గురించి ఎవరూ ఆగి ఆలోచించరు.

ఆ రోజుల్లో ఆయనకి తెలియనివి ఎన్నో చూడండి. ఈస్ట్ కణంలో టీకాకి కావాల్సిన ప్రొటీన్ సరిపడా తయారవుతుందో లేదో తెలియదు. తయారైనా దాన్ని శుద్ధి చేయగలరో లేదో తెలియదు. ఇక్కడ జన్యు పద్ధతిలో చేసిన టీకా అంతకు ముందు లేదు, కాబట్టి అనుమతి ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చినా, హైదరాబాద్‌లో చేసిన టీకాని డాక్టర్లు నమ్మి వేస్తారో లేదో తెలియదు. తెలిసింది ఒక్కటే, ప్రతి నెలా సైంటిస్టులకి జీతాలివ్వాలి, కెమికల్స్ కొనాలి. తాకట్టుకి గట్టి ఆస్తి, చేతిలో సరుకు లేని కంపెనీకి బ్యాంకులు అప్పిచ్చే పరిస్థితి లేదు, చివరికి ఒమన్ విదేశాంగ మంత్రిగా ఉన్న యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టాడు. టీకా బయటికొచ్చాక దిగుమతి టీకా ధరలో చిన్న భాగానికే జనానికి అందింది. ఆ వెనకే కృష్ణ ఎల్లా 1996లో పెట్టిన భారత్ బయోటెక్ కూడా హెపటైటిస్ బి టీకాతో రావడంతో పోటీ పెరిగింది, ధర ఇంకా దిగింది. ఇప్పుడు ఆ టీకా సర్కారు ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకి ఉచితంగా వేస్తున్నారు.

గెలిచాక రిస్కు పోతుందనుకోవద్దు. 2009లో శాంతా ఫ్రెంచ్ మందుల కంపెనీ సనోఫీ చేతికి వెళ్లింది, కంపెనీ తయారుచేసిన అయిదు జబ్బుల టీకాకి యూనిసెఫ్ నుంచి సుమారు 34 కోట్ల డాలర్ల ఆర్డరూ వచ్చింది. 2010లో కొన్ని సీసాల్లో తెల్లటి మడ్డి కనబడటంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాని అనుమతుల జాబితా నుంచి తీసేసింది. మళ్లీ జాబితాలోకి రావడానికి 2014 దాకా పట్టింది. వెనక అంత పెద్ద కంపెనీ ఉంది కాబట్టి తట్టుకుంది, చిన్న కంపెనీ అయితే ఆ దెబ్బకి షట్టర్ దించేయాల్సిందే.

ఇక్కడ ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఒంటి చేత్తో సామ్రాజ్యం కట్టాడు అనే రాతలు నాకు నచ్చవు, అవి నిజం కూడా కాదు. శాంతా మొదట పనిచేసింది ఉస్మానియా యూనివర్సిటీలో, తర్వాత సీసీఎంబీలో, అంటే ప్రజల డబ్బుతో కట్టిన ల్యాబుల్లో. అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టడానికి ముందు యూనిలాయిడ్స్, స్టాండర్డ్ ఆర్గానిక్స్ నడిపాడు, వాటికంటే ముందు ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేశాడు. హైదరాబాద్ మందుల పరిశ్రమలో చేయి తిరిగిన మనుషులు ఎందరో ఆ ప్రభుత్వ ఫ్యాక్టరీ నుంచే వచ్చారు. మందు మీద కాకుండా తయారీ పద్ధతి మీద మాత్రమే అప్పట్లో పేటెంటు ఇచ్చిన 1970 చట్టం లేకపోతే వాళ్లెవరూ ఆ తలుపు తట్టలేకపోయేవాళ్లు. వ్యాపారి ధైర్యం తక్కువని నేననడం లేదు. ధైర్యం చేసేవాడికి కాలు పెట్టుకోవడానికి నేల ఉండాలి, ఆ నేల సమాజం వేసిపెట్టాలి.

ఆ నేల ఇప్పుడు ఎలా ఉందో చూడాలంటే హైదరాబాద్‌లో బాలానగర్ వైపు రండి. నాకు తెలిసిన ఒక మెషిన్ షాపు ఉంది, నాలుగు లేత్‌లు, ఒక సీఎన్‌సీ, పన్నెండు మంది వర్కర్లు. ఏడో తారీఖులోపు జీతాలు పడాలి. పదిహేనుకి పీఎఫ్, ఈఎస్ఐ. ఇరవైకి జీఎస్టీ. మధ్యలో కరెంటు బిల్లు, మెషిన్ లోన్ ఈఎంఐ. వీటిలో ఏదీ ఒక్కరోజు ఆగదు, ఆగితే వడ్డీయో ఫైనో పడుతుంది. సరుకు తీసుకున్న పెద్ద కంపెనీ మాత్రం తొంభై రోజులకి కూడా డబ్బు పంపదు. ఫోన్ చేస్తే "బిల్లు అకౌంట్స్‌కి వెళ్లింది", ఇంకో వారానికి "సార్ లీవులో ఉన్నారు", ఇంకో వారానికి "క్వాలిటీ వాళ్లు ఇంకా క్లియర్ చేయలేదు". జీఎస్టీ బిల్లు వేసిన లెక్కన కట్టాలి గానీ డబ్బు వచ్చిన లెక్కన కాదు, అందుకని ఇన్‌పుట్ క్రెడిట్ పోగా మిగిలింది, ఇంకా చేతికి రాని సొమ్ము మీద ఈయన తన జేబులోంచి కడతాడు. ఆ నెల గడవడానికి చీటీ నష్టానికి పాడుకుంటాడు, అదీ చాలకపోతే ఇంట్లో బంగారం బ్యాంకుకి వెళ్తుంది. ఏడో తారీఖున పన్నెండు మందికీ జీతం పడుతుంది. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకి తెలియదు, తెలియనివ్వడు కూడా.

ఇలాంటి మనిషి ఎప్పుడైనా మూసేయాల్సి వస్తే మనవాళ్లు ఒక్క మాటలో "ఐపీ పెట్టాడు" అనేస్తారు. ఊరి డబ్బు ఎత్తుకుపోయినవాడికీ, ఉన్నదంతా అమ్మి బాకీలు తీర్చి చేతులెత్తేసినవాడికీ అదే మాట. పిల్లల పెళ్లి సంబంధాల దాకా ఆ మచ్చ వెంటాడుతుంది. ఇంత అవమానం పెట్టి, మళ్లీ యువతని "ధైర్యం చేయండి" అంటే ఎవరు చేస్తారు?

చట్టం లేదా అంటే ఉంది. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న యూనిట్లకి ఎలాంటి ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలి, దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. 2017లో ఫిర్యాదుల కోసం సమాధాన్ పోర్టల్ పెట్టారు. కానీ ఫిర్యాదు చేసినవాడికి మర్నాడు ఆర్డరు రాదు, ఆ భయంతోనే చాలామంది నోరెత్తరు. అందుకే 2023 ఫైనాన్స్ చట్టంతో ఆదాయపు పన్నులో వచ్చిన 43బి(హెచ్) అనే క్లాజు నాకు మంచి ఆలోచన అనిపిస్తుంది. గడువు దాటేదాకా బాకీ పెట్టి ఆ ఏడాదిలో ఇవ్వకపోతే, కొన్న కంపెనీ ఆ ఖర్చుని ఆ ఏడాది లెక్కలో చూపించుకోలేదు, ఇచ్చిన ఏడాదే చూపించుకోవాలి. ఎవరూ ఫిర్యాదు చేయనక్కర్లేదు, ఎవరి మొహం చూడనక్కర్లేదు, మార్చి నెలాఖరుకి ఆడిటరే బాకీలు కట్టేయమంటాడు. మధ్యతరహా యూనిట్లకీ, సరుకు కొని అమ్మే ట్రేడర్లకీ ఇది వర్తించదు, ఆ లోటు ఉంది.

అంతకంటే పెద్ద లోటు ఇంకొకటుంది. ఈ క్లాజు ఆదాయపు పన్ను కట్టే కంపెనీలకే నొప్పి పుట్టిస్తుంది, రాష్ట్ర ప్రభుత్వాలు ఆ పన్ను కట్టవు. బిల్లుల కోసం ఏళ్ల తరబడి తిరిగే చిన్న కాంట్రాక్టర్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు, ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా ఉన్నారు. హాస్టళ్లకి సరుకులిచ్చినవాళ్లూ, స్కూలు గదులకి రంగులేసినవాళ్లూ, ఊళ్లో సీసీ రోడ్డు వేసినవాళ్లూ. స్టార్టప్ పాలసీకి కొత్త పేరు పెట్టేముందు రెండు ప్రభుత్వాలూ ఒక పని చేయాలి. కేంద్రం చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న యూనిట్ల బిల్లులు ఏ శాఖలో ఎన్ని, ఎన్ని రోజులుగా ఆగి ఉన్నాయో నెలనెలా వెబ్‌సైట్లో పెట్టాలి, 45 రోజులు దాటినవాటికి చట్టంలో ఉన్న వడ్డీ అడగకుండానే కలిపి ఇవ్వాలి.