పికిలిపిట్ట, మా ఏసీ

మే నెలలో ఆరు రోజులు మా ఏసీ ఆన్ చేయలేదు. అది బాగానే ఉంది. బాగాలేనిది నా బుర్ర.

బాల్కనీలో ఏసీ బయటి పెట్టె పక్కన వేలాడే మనీప్లాంట్ కుండీలో పికిలిపిట్ట గూడు కట్టింది. ఒకరోజు గ్రిల్ మీద నాకేసి తిరిగి కూర్చుంటే చూశాను, గొంతు కింద పసుపు! పసుపు గొంతు పికిలి! దక్షిణ భారతంలోని రాతి కొండల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా ఉండదు. 1845లో పక్షుల శాస్త్రవేత్త జెర్డన్ దొర వర్ణించిన పిట్ట, ఇప్పుడు హార్స్‌లీ హిల్స్ లాంటి చోట్లకి వెళ్ళి వెతుక్కోవాలి. క్వారీలు కొండల్ని మింగేస్తుంటే, ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ వాళ్ళు దీన్ని ముప్పున్న పక్షుల జాబితాలో పెట్టారు. మేముండేది మణికొండ. పేరులో కొండ ఉంది కదా, నమ్మి వచ్చిందనుకున్నాను పాపం.

వేడిగాలి తగలకూడదని ఏసీ బంద్ చేశాను. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫొటో పెట్టాను. "పిట్టకి చల్లగా ఉంటే చాలు, మేమెలా ఉన్నా పర్లేదు" అని మా అత్తగారు విసనకర్రతో చెప్పారు.

ఏడో రోజు పై అంతస్తు అమ్మాయి కెమెరాతో వచ్చింది. పక్షుల పిచ్చి. ఒక్క చూపు చూసి, "అంకుల్, వెనక నుంచి చూశారా?" అంది.

చూడలేదు. తోక కింద ఎర్రగా ఉంది.

"ఆ కొండ పిట్టకి అక్కడా పసుపే ఉంటుంది. జుట్టు ఉండదు. దీనికి నల్ల తల, పైన పిలక కూడా ఉన్నాయి కదా?"

నల్ల తల చూశాను. ఎండకి కమిలిందనుకున్నాను.

"మరి గొంతు కింద పసుపు?"

అందరం ఒకేసారి మూలనున్న బంగినపల్లి బుట్టకేసి చూశాం. మూడు పళ్ళకి బొక్కలున్నాయి. "నేను ఎలుకనుకున్నానే!" అన్నారు అత్తగారు.

"ఇది మామూలు పికిలి అంకుల్. ఇంటిపేరు ఒకటే గానీ దీనికి ఏ ముప్పూ లేదు. ఇదే ముప్పు! ఫిజీ, హవాయి దీవుల్లో పడి తోటల్ని పాడుచేస్తోందని, ప్రపంచంలోని 100 చెడ్డ చొరబాటు జీవుల్లో చేర్చారు."

"మన ఫ్లాట్‌ని కూడా ఆ దీవుల లిస్టులో రాయించండి" అంది మా ఆవిడ.

గ్రూపులో పెట్టింది చెరిపేద్దామంటే అప్పటికే లిఫ్టు దగ్గర 'అరుదైన పక్షి, నిశ్శబ్దం' అని నోటీసు వెలిసింది. సిగ్గుతో రిమోట్ అందుకున్నాను. ఈలోగా అత్తగారు స్టూలెక్కి కుండీలోకి తొంగిచూశారు. లోపల ఎర్ర చుక్కల గుడ్లు మూడున్నాయి.

దిగి వచ్చి నా చేతిలో రిమోట్ లాక్కుని, బీరువాలో పెట్టి తాళం వేశారు.