ఎవరు, ఎవరికి, ఏ గొడవ తర్వాత

తెలుగు నవల మీద విమర్శ గ్రంథాలకు లోటు లేదు. శిల్పం మీద రాశారు, పాత్రచిత్రణ మీద రాశారు, మనసులోని ఆలోచనల ప్రవాహంగా కథ నడిపే చైతన్య స్రవంతి మీద రాశారు. కందుకూరి వీరేశలింగం గారు 1878లో రాజశేఖర చరిత్రము మొదలుపెట్టిన దగ్గర్నుంచి నిన్నమొన్న అచ్చయిన నవల దాకా ఎవరి మీద ఎవరి ప్రభావం ఉందో లెక్కలు తేల్చారు. కానీ అసలు ప్రశ్న మాత్రం ఒక్కరూ వేయలేదు. ఆ నవలను ఇంట్లో ఎవరు, ఎవరికి, ఏ గొడవ తర్వాత ఇచ్చారు?

ఈ సంగతి తేలకుండా నవలను అంచనా వేయడం అశాస్త్రీయమని నా నిశ్చితాభిప్రాయం. మన ఇళ్లలో నవల ఊరికే ఎవరూ ఇవ్వరు. "బాగుంటుంది, చదువు" అని చేతిలో పెట్టారంటే దాని వెనక ఒక పెళ్లో, ఒక అప్పో, చెప్పకుండా పుట్టింటికి వెళ్లొచ్చిన ఒక ప్రయాణమో ఉండి తీరుతుంది. మనమే మొహం మీద అంటే మాట తేడా వస్తుంది. అదే మాట రచయిత అన్నాడనుకోండి, సాహిత్యం. అందుకే నవల సిఫారసు చేసేవాళ్లు పక్కనే ఒక ఇంటి కథ కూడా చెబుతారు. కొందరు మేధావులకు ఇది నచ్చడం లేదు. పుస్తకం గురించి చెప్పమంటే పిన్నిగారి పెద్దకోడలి గురించి చెబుతారేమిటని విసుక్కుంటున్నారు. వాళ్లకు విమర్శ తెలుసేమో గానీ పిన్నిగారు తెలియదు.

గోపీచంద్ గారి అసమర్థుని జీవయాత్రనే తీసుకుందాం. సాహిత్య చరిత్రల్లో దీన్ని మనోవైజ్ఞానిక నవల అంటారు. మా బాబాయి దృష్టిలో ఇది గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న కొడుకుల కోసం రాసిన పుస్తకం. మావాడు డిగ్రీ అయిన దగ్గర్నుంచీ ప్రిపేర్ అవుతూనే ఉన్నాడు. నోటిఫికేషన్ పడితే వెనకే కోర్టు కేసు పడుతుంది, కేసు తేలేసరికి సిలబస్ మారుతుంది, ఈలోగా వాడి జుట్టు పల్చబడుతోంది. బాబాయి నోరు తెరిచి ఒక్క మాట అనడానికి లేదు, పిన్ని ఊరుకోదు. అందుకని ఒకరోజు పొద్దున్నే ఆ నవల కొనుక్కొచ్చి, వాడి కరెంట్ అఫైర్స్ పుస్తకాల మీద పెట్టి, "తీరికైనప్పుడు చూడరా" అని బయటికి వెళ్లిపోయాడు.

వంశం పేరు నిలబెట్టబోయి ఆస్తి కరగదీసి, ఎవరితోనూ పొసగక, తనతో తనకే పొసగక, సీతారామారావు చివరికి శ్మశానం దాకా నడిచే కథ అది. పిల్లవాడికి ఉత్సాహం తెప్పించడానికి ఇంతకన్నా అనువైన పుస్తకం లేదని బాబాయి నమ్మకం. అట్ట మీద పేరు చూస్తేనే పౌరుషం పొడుచుకొస్తుందనుకున్నాడు. అంకితం పేజీ మాత్రం చూసుకోలేదు. ఎందుకు అని అడగడం నేర్పినందుకు గోపీచంద్ గారు ఆ నవలను తండ్రి త్రిపురనేని రామస్వామి గారికి అంకితమిచ్చారు. మావాడు మొత్తం నవలలో చదివింది ఆ ఒక్క పేజీ. అప్పట్నుంచీ "బండిలో పెట్రోలు పోయించుకురా" అంటే "ఎందుకు?" "ఆదివారం పెళ్లిచూపులకి వెళ్దాం" అంటే "ఎందుకు?" ఓపిక నశించి "అసలు నువ్వెందుకు పుట్టావురా" అని బాబాయి అరిచాడు. వాడు పెన్నుకు మూత పెట్టి, "అది మీరే చెప్పాలి నాన్నా" అన్నాడు. మనోవైజ్ఞానిక విశ్లేషణ యూనివర్సిటీలో ఎక్కువ జరిగిందో, బాబాయి గారి హాల్లో ఎక్కువ జరిగిందో పెద్దలే తేల్చాలి.

చదవకుండా సిఫారసు చేయడం తప్పు కదా అని ఎవరైనా అనొచ్చు. నేను ఒప్పుకోను. చదివినవాళ్లకు సందేహాలుంటాయి. చదవనివాళ్లకే స్పష్టత ఉంటుంది. మా పెదనాన్న పంపకాలకు కూర్చున్న రోజున తమ్ముళ్లందరికీ తలో కాపీ చివరకు మిగిలేది పంచిపెట్టాడు. బుచ్చిబాబు గారి నవలలో దయానిధి వెతికేది జీవితానికి అర్థం. మా పెదనాన్న వెతుకుతున్నది కాలువగట్టు పక్కనున్న ఎకరంన్నర. అయినా పేరు అంత చక్కగా కుదిరాక లోపల ఏముంటే ఏం? అందరికన్నా చిన్న తమ్ముడు మాత్రం పేజీలన్నీ తిరగేసి, "అన్నయ్యా, ఇందులో సర్వే నంబర్లు ఎక్కడా లేవే" అన్నాడు. మా వంశంలో వాస్తవికవాదం ఆ రోజునే పుట్టింది.

ఈ సంప్రదాయానికి గౌరవప్రదమైన మూలాలున్నాయని కూడా మనవి చేసుకుంటున్నాను. మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనం శీర్షికను దశాబ్దాల తరబడి నడిపారు. వంటింటి సంగతుల నుంచి కాపురం చిక్కుల దాకా పాఠకులు అడిగినవాటికి జవాబులు రాశారు. వంటలు, పిండివంటల పుస్తకం ఆవిడదే. అదే చేత్తో పాత కెరటాలు పేరుతో విదేశీ నవలల్ని తెలుగువాళ్లకు పరిచయం చేశారు. పాకం పట్టడం తెలిసిన మనిషి చెబితే నవలైనా సరే నమ్మొచ్చని మా అమ్మ అనేది. ఆ పరిచయాలు చదివి, మధ్యాహ్నం పూట బియ్యం ఏరుతూ మాకు చెప్పేది. అమ్మ చెప్పిన ప్రతి విదేశీ నవలలోనూ కథానాయిక మా బంధువుల్లో ఎవరో ఒకరిలా ఉండేది. "అచ్చం మన గుడివాడ పెద్దక్కే అనుకో. మొగుడు మంచివాడే, ఏం లాభం, నోట్లోంచి మాట రాదు." ఫ్రాన్సు, రష్యా, ఇంగ్లండు అన్నీ కృష్ణా జిల్లాలోనే ఉండేవి. పెద్దయ్యాక అసలు పుస్తకాలు తెచ్చుకుని చదివితే గుడివాడ పెద్దక్క ఎక్కడా కనబడలేదు. అంత పేరున్న రచయితలు ఇంత ముఖ్యమైన పాత్రను ఎలా వదిలేశారో నాకిప్పటికీ అర్థం కాదు.

యద్దనపూడి సులోచనారాణి గారి సెక్రటరీని కూడా నాకు అమ్మే ఇచ్చింది. ఇస్తూ ఒక ఇంటి కథ చెప్పింది, చాలా చిన్న కథ: "నేను దీన్ని మీ నాన్నగారిని చేసుకోకముందే చదివాను. అందుకే చెబుతున్నా, నువ్వు పెళ్లయ్యాక చదువు." అందులో హీరో రాజశేఖరానికి కారుంది. మా నాన్నగారికి సైకిలుంది, దాని చైన్ ఊడిపోతుంటుంది. అయినా నేను ముందే చదివేశాను, అద్దె పుస్తకాల షాపు కాపీలో. ఆ కాపీల విలువ ఇప్పటి పిల్లలకు తెలియదు. మొదటి పేజీ ఉండదు, చివరి పేజీ ఉంటే అదృష్టం, కానీ అంచుల్లో ఊరంతా ఉంటుంది. హీరో నవ్విన చోట ఎవరో పెన్సిల్‌తో గీత గీశారు. దాని పక్కన ఇంకెవరో "ఇలాంటివాళ్లు ఉండరు, ఇద్దరు పిల్లల తల్లి" అని రాశారు. కింద మూడో దస్తూరీ: "ఉంటారు. పక్కవీధిలో." ఆ చర్చ ఏమైందో తెలుసుకుందామని వెళ్తే షాపు తీసేశారు, ఇప్పుడక్కడ మొబైల్ రీఛార్జి.

పెళ్లయినవాళ్లకు రంగనాయకమ్మ గారు. మా వదిన మా అన్నయ్య పుట్టినరోజుకు స్వీట్ హోమ్ ఇచ్చింది. భార్యా భర్తా సమానమని విమల, బుచ్చిబాబు దంపతుల కబుర్లతో నవ్విస్తూ చెప్పే నవల. అన్నయ్య అట్ట చూసి మురిసిపోయి, దాన్ని షోకేసులో టీవీ పక్కన నిలబెట్టాడు. చుట్టాలొస్తే "మాది కూడా స్వీట్ హోమే" అని చూపించి, "ఏమోయ్, కాఫీ" అని లోపలికి కేకేసేవాడు. వదిన కొన్నాళ్లు చూసింది. తర్వాత రంగనాయకమ్మ గారిదే జానకి విముక్తి తెచ్చి, ఏమీ మాట్లాడకుండా, సరిగ్గా దాని పక్కనే పెట్టింది. ఆ రాత్రి మా అన్నయ్య అంట్లు తోమాడు. ఒక్క పేజీ అయినా తిప్పకముందే ఒక నవల ఇంత సామాజిక ప్రయోజనం సాధించడం ప్రపంచ సాహిత్యంలోనే అరుదు.

బరువైన సిఫారసు మా మామయ్యది. ఆయన ఎవరి గృహప్రవేశానికి వెళ్లినా వేయిపడగలు పట్టుకెళతారు. విశ్వనాథ సత్యనారాయణ గారి నవలను కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు, చదివే ధైర్యమూ ఉండదు. టైం లేదండీ అన్నారంటే మామయ్య దగ్గర జవాబు సిద్ధం: "పీవీ నరసింహారావు గారు దీన్ని హిందీలోకి మార్చారు. ప్రధానమంత్రి అయ్యే మనిషికి అనువాదానికి టైం దొరికింది, నీకు చదవడానికి దొరకదా?" దీనికి ఎదురు వాదన ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. మా చుట్టాలిళ్లల్లో ఆ పుస్తకం ప్రతి ఇంట్లోనూ ఉంది. తలుపు గాలికి కొట్టుకోకుండా ఆపడానికి అంత నమ్మకమైన సాధనం మరొకటి దొరకదని వాడినవాళ్లు చెబుతున్నారు.

మా మావగారి పద్ధతి వేరు. చలం గారి మైదానం 1927 నాటి పుస్తకం. దాన్ని ఆయన గోద్రెజ్ బీరువాలో, దస్తావేజుల కింద పెట్టి తాళం వేశారు. "ఈ ఇంట్లో అది ఎవరూ చదవకూడదు" అని భోజనాల దగ్గర ప్రకటించారు కూడా. అప్పటిదాకా ఆ పుస్తకం పేరు మా పిల్లలకు తెలియదు. ఇప్పుడు మా ఇంట్లో అందరూ చదివిన ఏకైక నవల అదే.

ఇక బారిష్టర్ పార్వతీశం. 1924లో మొక్కపాటి నరసింహశాస్త్రి గారు రాసినప్పట్నుంచీ విదేశాలకు వెళ్లే ప్రతి తెలుగు కుర్రాడికీ ఎవరో ఒక తాతయ్య దీన్ని ఇస్తున్నారు. మా ఆడపడుచు కొడుకు ఎంఎస్ చదవడానికి డాలస్ బయల్దేరినప్పుడు మావగారు మూడు భాగాలూ తెచ్చారు. తెచ్చి, మొగల్తూరు నుంచి పార్వతీశం ఇంట్లో చెప్పకుండా బయల్దేరిన దగ్గర్నుంచి, మద్రాసులో తెలియక ఆడవాళ్ల టోపీ కొనుక్కున్న దాకా మళ్లీ వినిపించారు. ఆ వెంటనే తాను 1969లో మొదటిసారి బొంబాయి వెళ్లి ఇరానీ హోటల్లో సాంబారు అడిగిన కథ చెప్పారు. రెండో కథ ఎక్కువసేపు నడిచింది.

సూట్‌కేసు ఒక్కోటి ఇరవై మూడు కిలోలు. మా ఆడపడుచు తూకం కొక్కేనికి తగిలించి చూస్తే ఇరవై నాలుగున్నర. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చున్నారు. కారప్పొడులు ముట్టుకోవడానికి లేదు. కుక్కర్ తీయడానికి లేదు. గోంగూర పచ్చడి మాట ఎత్తితే కన్నీళ్లు. అందరి చూపూ పుస్తకాల మీద పడింది.

"నాన్నగారూ, వాడు ఈ కథ చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాడు కదా" అంది ఆడపడుచు.

"వినడం వేరు, చదవడం వేరు. ఆ టోపీ సంగతి అక్కడ వాడికి ఎవరు గుర్తు చేస్తారే?"

"గోంగూర ఎవరు పంపిస్తారు?"

చివరికి రాజీ కుదిరింది. మొదటి భాగం వెళ్తుంది, మిగతా రెండూ వాడు తిరిగొచ్చాక చదువుకుంటాడు. ఎయిర్‌పోర్టులో మళ్లీ అరకిలో ఎక్కువ తేలేసరికి ఆ మొదటి భాగం కూడా నా హ్యాండ్‌బ్యాగులోకి వచ్చింది, మావగారు పార్కింగ్ టికెట్ వెతుక్కుంటున్న సమయంలో. చలికాలం వచ్చాక మావాడు వీడియోలో కనబడ్డాడు. సేల్‌లో సగం ధరకు కొన్న కొత్త జాకెట్ వేసుకున్నాడు, బాగానే ఉంది, కానీ జిప్పు తిరగేసి ఉందేమిటో, నడుం దగ్గర పట్టేస్తోందేమిటో అర్థం కావట్లేదన్నాడు. మావగారు కళ్లజోడు సవరించుకుని ఫోన్ దగ్గరికి లాక్కుని చూశారు. "ఒరేయ్, అది ఆడవాళ్లది" అన్నారు. ఆ రోజు ఆయన మొహంలో కనబడిన వెలుగు మనవడికి సీటొచ్చిన రోజున కూడా కనబడలేదు.

ఇంత చెప్పాక ఒక లోపం కూడా ఒప్పుకోవాలి, పద్ధతిలోని లోపం. కొన్ని నవలలు ఎవరి మీదా ప్రయోగించడానికి పనికిరావు. డాక్టర్ పి. శ్రీదేవి గారి కాలాతీత వ్యక్తులు అలాంటిది. ఉద్యోగం చేసి, చేతగాని తండ్రిని పోషిస్తూ, తనకేం కావాలో తాను చూసుకునే ఇందిరను కోడలికి ఇస్తే కోడలు నేర్చుకుంటుందని భయం, కూతురికి ఇస్తే కూతురు వెళ్లిపోతుందని భయం, తండ్రికి ఇస్తే చెప్పనే అక్కర్లేదు. ఇంత మంచి నవల మన ఇళ్లలో చేతులు మారకపోవడానికి అదే కారణం. ఎవరికీ ఇవ్వకుండా మీరే చదువుకోవాల్సి వస్తుంది. మన కుటుంబ వ్యవస్థలో అలాంటి ఏర్పాటు లేదు.

కనుక ప్రచురణకర్తలకు నాదొక విన్నపం. ముందుమాటలు ఆపేయండి. వాటిని రాసినవాళ్లు తప్ప చదివినవాళ్లు నాకు తారసపడలేదు. అట్ట వెనక ఒక ఇంటి కథ వేయండి: ఈ నవల ఎవరి అత్తగారు ఎవరికి ఇచ్చారు, తర్వాత ఎన్నాళ్లు మాటల్లేవు. జనవరిలో విజయవాడలో, డిసెంబరులో హైదరాబాదులో పెట్టే పుస్తకాల పండుగల్లో స్టాళ్లను రచయితల పేర్లతో సర్దే అలవాటు కూడా మానుకోవాలి. అల్లుళ్లు ఒకవైపు, ఆడపడుచులు ఒకవైపు, ఆస్తి తగాదాలు గేటు పక్కన, పార్కింగ్‌కి దగ్గరగా. రిటైరైన మగవాళ్లకు కుర్చీలు.

విజయవాడలో ఒక స్టాల్ ఆయన ఈ దారిలోకి ఇప్పటికే వచ్చేసినట్టున్నాడు. పోయిన జనవరిలో నా ముందు నిలబడిన ఒకావిడ, "మా తోడికోడలికి ఇవ్వాలండీ, ఏదైనా మంచి నవల చెప్పండి" అంది.

"ఆవిడ సంతోషపడాలా అమ్మా, బాధపడాలా?" అన్నాడాయన.

ఆవిడ కాసేపు ఆలోచించింది. "ముందు సంతోషపడాలి. ఇంటికెళ్లాక బాధపడాలి."

ఆయన తల కూడా ఎత్తకుండా వెనక అరలోంచి ఒక పుస్తకం తీసి, పది శాతం డిస్కౌంట్ కొట్టి, కవర్లో వేశాడు. పేరు చూద్దామని నేను మెడ చాపేలోగా ఆవిడ కవరు మడిచేసి, అదే పుస్తకం ఇంకో కాపీ ఉందా అని అడిగింది. పెద్ద తోడికోడలు కూడా ఉందట.