ఆటోకరెక్ట్ గారికి గోనె వారబ్బాయి వ్రాయునది

మహారాజశ్రీ ఆటోకరెక్ట్ గారి దివ్యసముఖమునకు,

ఇక్కడ మేమంతా క్షేమం. నాన్న కూడా క్షేమమే. ఈ రెండో ముక్కే నిన్న మధ్యాహ్నం మూడు గంటలు క్యూలో నిలబడి ఓ ఆఫీసుకు రుజువు చేసి వచ్చాం.

నవంబరు కదా. నాన్న పింఛను లైఫ్ సర్టిఫికెట్ వేలిముద్ర పడక ఆగింది. ఆ సంగతే ఇంగ్లీషులో మెయిలు కొడుతూ "మై ఫాదర్" పక్కన ఇంటిపేరు పెట్టాను. జీ, ఓ, ఎన్, ఈ. తమరు కింద నీలిగీత గీసి, వ్యాకరణం కుదరలేదు, ముందు "హ్యాజ్" తగిలించనా అని వినయంగా అడిగారు. నా బొటనవేలు జారింది. ఒక్క నొక్కుతో నాన్న పోయారు.

గంటలో జవాబు: "సంతాపం. డెత్ సర్టిఫికెట్ జతచేయగలరు." ఆ ఆఫీసు అంత చురుగ్గా కదలడం నేను పుట్టాక ఇదే మొదలు.

నాన్న కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "నేను పోలేదని నేనే పోయి చెప్పాలట్రా?" అన్నారు.

పోయాం. కౌంటర్లో గుమాస్తా స్క్రీన్ చూశాడు, నాన్నను చూశాడు, మళ్లీ స్క్రీన్నే నమ్మాడు. చివరికి ఓ ఉచిత సలహా: "స్పెల్లింగ్‌లో చివర వై పెట్టుకోండి సార్, గొడవ వదిలిపోద్ది." టెన్త్ మెమో, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్కు, పొలం కాగితాలు అన్నిట్లోనూ ఉన్న అక్షరాన్ని మార్చుకోవాలంటే గెజిట్ ఎక్కాలి. డెబ్బై ఆరేళ్ల మనిషి, మీ కోసం!

మీరు రెడ్డి గార్లను "రెడీ" చేస్తే నవ్వాం. పట్టెం వారిని "ప్యాటర్న్" చేస్తే ఊరుకున్నాం. బండి వారిని ఏకంగా బందిపోట్లను చేశారు, అదీ పోనీ అనుకున్నాం. డాలస్‌లో మా బాబాయి కొడుకు ఫారంలో "లాస్ట్ నేమ్: గాన్" అని చూసి, "ఎక్కడ పోయింది?" అని అడిగిందట మందులషాపు పిల్ల. వాడి సంగతి వాడు చూసుకుంటాడు.

అసలు మీ వంశమే అంత. "కోఆపరేషన్" అని కొడితే "కూపర్టినో" అని దిద్ది, ఐక్యరాజ్యసమితి, నాటో కాగితాల్లోకి కాలిఫోర్నియా ఊరిని ఎక్కించిన ఘనులు మీ తాతలు. మీ దాయాది ఎక్సెల్ "మార్చ్1" అనే జన్యువును మార్చి ఒకటో తారీఖు చేస్తుంటే, వేగలేక 2020లో శాస్త్రవేత్తలే దాని పేరు "మార్చ్ఎఫ్1" చేసుకున్నారు. జన్యువుకి గెజిట్ అక్కర్లేదు. మాకు కావాలి.

ఒరేయ్, నీకు తెలియని మాటైతే ఎర్రగీత గీసి చావు, పడతాం. నా పేరు కింద ఇరవై ఏళ్లుగా గీస్తూనే ఉన్నావుగా! తెలిసిందనుకున్న మాటతోనే నీతో ప్రాణం మీదికొస్తోంది. బతికున్న మనిషిని క్రియాపదం చేస్తావా?

ఈ ఉత్తరం తెలుగులోనే కొట్టాను. "గోనె" అని కొట్టగానే పక్కన "సంచి" అని చూపించావు. నాన్నకు చూపిస్తే నిన్నటి నుంచి మొదటిసారి నవ్వారు. "ఈడికి తెలుగులో కాస్త బుద్ధుందిరా" అన్నారు.

ఇట్లు,
గోనె (సంచి వద్దు)