సారును క్లౌడ్ ఎక్కించడం ఎలా?

సొంత సర్వర్లు కొనకుండా ఇంటర్నెట్ మీదుగా అద్దెకు వాడుకునే క్లౌడ్ గొప్పతనం కంపెనీ పెద్దలకు చెప్పబోయి ఇంజనీర్లు చేసే మొదటి తప్పు ఏమిటంటే, క్లౌడ్ గురించి చెప్పడం. ఆటో స్కేలింగ్ అనేసరికి సారు ఫోన్ తీస్తారు, వర్చువల్ మెషీన్ అనేసరికి దాంట్లో మునిగిపోతారు, చివర్లో తలెత్తి "ఇదంతా సరేనయ్యా, మన డేటా ఎక్కడుంటుంది?" అంటారు. నోరు జారి "వేరేవాళ్ల కంప్యూటర్లలో సార్" అన్నారో, ప్రాజెక్టుకు అక్కడితో నీళ్లొదులుకోవచ్చు.

పాపం ఆయన బాధ వేరు. సర్వర్ రూమ్ అంటే ఆయనకు ప్రాణం. ఆఫీసుకు ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్లి, ఆ చల్లటి గదిలో టకటకా మెరిసే పచ్చ లైట్లను గొంతు తగ్గించి మరీ చూపిస్తారు. ఏ లైటు దేనికో ఆయనకు తెలియదు. నిజానికి మాకూ సగమే తెలుసు.

అందుకని టెక్నాలజీ జోలికి వెళ్లకుండా లెక్కల్లోంచి రావాలి. సర్వర్లు కొంటే అది పెట్టుబడి ఖర్చు, ఏళ్ల తరబడి తరుగుదల రాయాలి, బోర్డు ముందు సంజాయిషీ చెప్పుకోవాలి; అదే అద్దెకు తీసుకుంటే నెలవారీ ఖర్చు, కరెంటు బిల్లు పక్కన సర్దుకుని కూర్చుంటుంది. ఈ మాటతో అప్పటిదాకా కునుకు తీస్తున్న ఫైనాన్స్ సారు నిటారుగా కూర్చుంటారు. మొత్తం తగ్గుతుందా అని అడగరు, కాలమ్ మారితే చాలు. ఇంకా మొండికేస్తే "మన పోటీ కంపెనీ పోయినేడే వెళ్లిపోయిందట సార్" అనండి. 2006లో అమెజాన్ ఎస్3 (డేటా దాచుకునే చోటు), ఈసీ2 (అద్దె కంప్యూటర్లు) మొదలుపెట్టిన దగ్గర్నుంచి క్లౌడ్‌ను ఎక్కువగా అమ్మింది ఈ ఒక్క ముక్కేనని నా అనుమానం.

"ఆగిపోతే?" అంటారా, 99.99 శాతం సమయం నడుస్తుందని చెప్పండి. అంటే నెలకు నాలుగు నిమిషాల పైచిలుకు ఆగొచ్చని అర్థం, కానీ సారుకు వినిపించేది 100. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఉద్యోగి ఒకరు కమాండ్ తప్పు కొట్టడంతో ఎస్3 ఒక ప్రాంతంలో దాదాపు నాలుగు గంటలు పడకేసింది. ఏది నడుస్తోందో ఏది ఆగిందో చూపించాల్సిన వాళ్ల పేజీ కూడా ఎస్3 మీదే ఆధారపడడంతో దాన్ని మార్చే దారిలేక చాలాసేపు అక్కడ పచ్చ గుర్తులే ఉన్నాయి. ఇది సారుకు చెప్పినా పరవాలేదు, పచ్చ లైట్ల దాకా వచ్చి అక్కడే ఆగిపోతారు.

బిల్లు సంగతి మాత్రం ముందే చెప్పకండి. మా దగ్గర "టెస్ట్-2-ఫైనల్" అనే అద్దె మెషీన్ ఒకటి నెలల తరబడి నడిచింది, మొదలుపెట్టినవాడు ఉద్యోగం మానేశాడు, ఆపితే ఏం కూలుతుందోనని ఎవరూ చెయ్యి పెట్టలేదు. చివరికి ఒకడు ధైర్యం చేసి ఆపాడు. ఏమీ కూలలేదు.

మొత్తానికి సారు ఒప్పుకున్నారు, సర్వర్లన్నీ తీసేశాం. ఒక్క ర్యాక్ మాత్రం ఉంచమన్నారు. అందులో పాత నెట్‌వర్క్ స్విచ్ ఒకటి పెట్టి, దాని వైర్లు దాంట్లోకే తిప్పి గుచ్చి, కరెంటు ఇచ్చాం. వచ్చినవాళ్లకు ఇప్పటికీ చూపిస్తున్నారు, "మా క్లౌడ్ ఇదే" అని, గొంతు తగ్గించి.