పటికకు లొంగని విషం

నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. వంగిన నడుములు, గార పట్టిన పళ్లు కళ్లకు కనిపించాయి కాబట్టి జనం కొట్లాడారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు ఈ జిల్లా పేరే పెట్టారు. ఈ నీళ్లలోనే ఉన్న ఇంకో విషం నైట్రేట్. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అందుకే దాని మీద కొట్లాటా లేదు.

తాగే నీళ్లలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దేశంలో 440 జిల్లాల్లో ఈ హద్దు దాటిన భూగర్భ జలాలున్నాయని కేంద్ర భూగర్భ జల మండలి 2024లో చెప్పింది. తెలంగాణ నమూనాల్లో పావు వంతుకు పైగా అలాంటివే. పైరు తీసుకోగా మిగిలిన యూరియా, బావి పక్కన పెంటకుప్ప, అడుగు కట్టని మరుగుదొడ్డి గుంత... అన్నీ బోరులోకే దిగుతున్నాయి.

అందరికంటే ముప్పు ఆరు నెలల్లోపు పసిబిడ్డలకు. కడుపులోకి వెళ్లిన నైట్రేట్ నైట్రైట్‌గా మారి, రక్తం ఆక్సిజన్‌ను మోయలేకుండా చేస్తుంది. పెదవులు, గోళ్లు నీలంగా మారతాయి. డబ్బా పాలు కలపడానికి తల్లి నీళ్లు మరగబెడుతుంది. క్రిములు చస్తాయి కానీ నైట్రేట్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బిడ్డ కోసం పడే జాగ్రత్తే బిడ్డకు చేటవుతోందని ఆ తల్లికి చెప్పినవాళ్లెవరు?

మిషన్ భగీరథ నల్లా ఉన్న ఊళ్లలోనూ పొలం దగ్గర దప్పికైతే బోరు నీళ్లే దిక్కు. పటిక ఇక్కడ పనిచేయదు. నైట్రేట్ లవణాలు నీళ్లలో పూర్తిగా కరిగిపోతాయి, అడుగుకు తేరవు. ఆర్వో ప్లాంటు నైట్రేట్‌ను చాలావరకు తీస్తుంది. కానీ అది వదిలేసే చిక్కటి నీళ్లు మోరీలో పడి మళ్లీ భూమిలోకే ఇంకుతాయి.

కరెంటుతో శుద్ధి చేసే పద్ధతుల మీద మా ఆశ అందుకే. ఎలక్ట్రోడయాలిసిస్‌లో పొరల మధ్య నీళ్లు పారిస్తూ కరెంటు పంపితే, రుణావేశం ఉన్న నైట్రేట్ ధన ధ్రువం వైపు లాగబడి పొర దాటిపోతుంది. అయితే చిక్కటి నీళ్ల బెడద ఇందులోనూ తప్పదు. రెండో దారిలో రుణ ధ్రువం దగ్గర నైట్రేట్‌నే విడగొట్టి నైట్రోజన్ వాయువుగా మార్చవచ్చు. మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగం ఆ వాయువే. ఇది కుదిరితే విషం ఇంకోచోటికి మారదు, లేకుండానే పోతుంది. కుదరనప్పుడు మాత్రం నైట్రైట్, అమ్మోనియా మిగులుతాయి. నీళ్లలో క్లోరైడ్ ఉంటే ధన ధ్రువం దగ్గర పుట్టే క్లోరిన్ ఆ అమ్మోనియాను నైట్రోజన్‌గా మార్చగలదు. ఫలితం నీళ్లలో ఇంకా ఏమేం ఉన్నాయో దాని మీద ఆధారపడుతుంది కాబట్టి ల్యాబ్‌లో కలిపిన నీళ్లతో పరీక్షిస్తే చాలదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ బోర్ల నీళ్లతోనే, ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ పరీక్షించాలి.

ప్రభుత్వం ఈ రెండు జిల్లాల్లో కనీసం ఒక్కో ఊరిలో ఇలాంటి ప్లాంటు పెట్టాలి. శుద్ధి చేసిన నీళ్లలో నైట్రేట్‌తో పాటు నైట్రైట్, అమ్మోనియా కూడా కొలవాలి. లీటరుకు ఎంత కరెంటు ఖర్చయిందో లెక్క బయటపెట్టాలి. ఆలోగా ప్రతి అంగన్‌వాడీలో తాగే నీళ్లు పరీక్షించి, నైట్రేట్ ఎంతుందో బాలింతలు చదువుకునేలా గోడ మీద రాయించాలి. దీనికి కొత్త యంత్రమేమీ అక్కర్లేదు, ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.