సంప్ విప్పకుండానే తీర్పులా?

నా కారు ఇంజిన్ పోయిందని తెలిసిన మరుక్షణం నుంచి సలహాలే సలహాలు. "పాతది పడేసి వేరే ఇంజిన్ పెట్టించెయ్, తలనొప్పి పోతుంది" అని సగం మంది. "ఒరిజినల్ ఇంజిన్ తీసేస్తే అది ఇంక ఆ కారే కాదు" అని మిగతా సగం. ఈ రెండు జట్లలో ఒక్కరైనా బానెట్ ఎత్తి చూసిన పాపాన పోలేదు. ఇంజిన్ దించకుండా, దాని అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అదే సంప్, విప్పకుండా తీర్పు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట.

కారు నాకన్నా వయసులో పెద్దది. ఎత్తు ఎక్కుతుంటే ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి జారింది, అడుగు నుంచి టకటకమని చప్పుడు. అక్కడే ఆపేయాల్సింది. ఇంకో రెండు కిలోమీటర్లు లాగించాను. ఆ తప్పు నాదే.

సంప్ విప్పితే ఆయిల్ నిండా తళుకులు. పిస్టన్ రాడ్డు క్రాంక్ షాఫ్ట్‌ను పట్టుకునే చోట ఉండే బిగ్ ఎండ్ బేరింగ్ చేతిలోకి తీసుకుంటే, పైన ఉండాల్సిన బూడిద రంగు పూత అరిగిపోయి కింద రాగి బయటపడింది. ఆ బేరింగ్‌లో తిరిగే క్రాంక్ జర్నల్ మీద గోరు నడిపితే గీతల్లో తట్టుకుంటోంది. చూస్తే గుండె జారుతుంది గానీ, ఇది మందున్న జబ్బే. క్రాంక్‌ను పావు మిల్లీమీటరు గ్రైండ్ చేయించి, ఆ కొలతకు సరిపోయే అండర్‌సైజ్ బేరింగులు వేస్తారు. అప్పటికీ గీతలు పోకపోతే అర మిల్లీమీటరు. సిలిండర్లు అరిగితే బోరింగ్ చేయించి, అంటే లోపల కాస్త వెడల్పు చేయించి, ఓవర్‌సైజ్ పిస్టన్లు, అదీ దాటిపోతే లోపల కొత్త గొట్టాల్లా తొడిగే లైనర్లు. పోత ఇనుప బ్లాకు పగిలినా, వేడి తగలకుండా మరల పిన్నులు వరసగా బిగించి పగులును కుట్టేసే పద్ధతి ఉంది.

అలాగని ఎంత చెడినా బాగు చేయించాల్సిందే అనను. రాడ్ విరిగి బ్లాకు చీల్చుకుని బయటికొచ్చి, క్రాంక్‌ను మోసే మెయిన్ బేరింగులు కూర్చునే చోటు కూడా పోయిందంటే ఇంక పంతం వద్దు. వోక్స్‌వ్యాగన్ బీటిల్‌నే తీసుకోండి. 2003 దాకా, 2 కోట్లకు పైగా తయారైన కారు. నాలుగు బోల్టుల మీద ఉండే ఆ ఇంజిన్‌ను మార్చుకుంటే ఎవరూ ఏడవరు. కానీ తక్కువ సంఖ్యలో వచ్చిన కారైతే, బ్లాకు మీద కొట్టిన నంబరు ఫ్యాక్టరీ రికార్డుతో కలవడమే దాని విలువలో పెద్ద వాటా. అలాంటి కారుకు వేరే ఇంజిన్ వేసినా, పాత బ్లాకును తుక్కుకు మాత్రం వేయకండి. గ్రీజు పూసి ఓ మూల పెట్టండి.

అసలు 'వేరే ఇంజిన్' అంటే ఏమిటి? ఇంకో పాత కారులోంచి పీకిందే కదా! నా ఇంజిన్ రోగమేమిటో విప్పాను కాబట్టి తెలిసింది. దాని రోగం ఎవరికి తెలుసు? "బాగా నడిచేది సార్" అని అమ్మేవాడు అంటాడు. మరి ఎందుకు దించారట? కంప్రెషన్ చూసి, సంప్ విప్పి, బేరింగులు తీసి చూడందే నేనైతే కొనను. అంత పని చేశాక అది సగం రిపేరే. ఇక వేరే రకం ఇంజిన్ ఇరికిస్తే మౌంటింగులు, గేర్‌బాక్స్ కలిసే చోటు, రేడియేటర్, వైరింగ్ అన్నీ కదపాలి. తలనొప్పి పోతుందట!

అసలు విషయం ఆఖర్న బయటపడింది. ఆయిల్ పంప్‌కి కింద ఉండే జాలీని కడుగుదామని తీస్తే, సగం కన్నాలు ఎర్రగా మూసుకుపోయి ఉన్నాయి. ఇదివరకు ఎవరో సంప్ గ్యాస్‌కెట్‌కు సిలికాన్ పేస్ట్ దండిగా పూశారు. లోపలికి పొంగింది ఎండి, ముక్కలై ఊడి, జాలీలో ఇరుక్కుంది. ఆయిల్ అందక బేరింగులు కాలిపోయాయి. నా కారు సంప్ ఆకారం వేరు కాబట్టి, ఏ ఇంజిన్ తెచ్చి పెట్టినా ఈ సంప్, ఈ జాలీ తీసి దానికే బిగించేవాళ్లు.

క్రాంక్ గ్రైండింగ్‌కి వెళ్లింది. నేను పట్టకారుతో ఎర్ర ముక్కలు ఏరుతున్నాను.